పండుగప్ప వేటకు కృత్రిమ ఎరలు: డబ్బు దేనికి పెట్టాలి

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన శంకరాభరణి నది అరియాంకుప్పం నదిగా, చున్నాంబారుగా రెండు పాయలై సముద్రంలో కలిసే ఉప్పుటేర్లలో, మడచెట్ల వేళ్ల మాటున పొంచి వేటాడే పెద్ద చేప పండుగప్ప. తమిళులు కొడువా అనే ఈ చేపకు ఆసియా సీబాస్ అనే పేరు ఉన్నప్పటికీ, అమెరికా మంచినీటి బాస్‌కు ఇది దగ్గరి బంధువు కాదు. అయితే రెండూ మాటువేసి, చటుక్కున నోరు తెరిచి ఎరను నీటితో సహా లోపలికి పీల్చుకునేవే కనుక, బాస్ కోసం రూపొందిన ఎరలు దీనికీ పనికివస్తాయి. ఆస్ట్రేలియాలో బారముండి అని పిలిచే ఇదే చేపకు వాటిని విరివిగా వాడుతున్నారు.

చిన్న చేపను పోలిన ఎరను స్విమ్‌బెయిట్ అంటారు. దానిలో మెత్తని ప్లాస్టిక్ రకానికి తెడ్డు వంటి తోక ఉండి, లైను లాగినప్పుడు నీటి ఒత్తిడికి అది అటూఇటూ ఊగుతుంది. గ్లైడ్‌బెయిట్ గట్టి దేహం రెండు ముక్కలై ఒక కీలుతో కలిసి ఉంటుంది కాబట్టి, రీలు నెమ్మదిగా తిప్పితే అది పాములా మెలికలు తిరుగుతూ జారుతుంది.

చేతితో చెక్కి రంగులద్దిన గ్లైడ్‌బెయిట్లు 100 డాలర్లు దాటుతుండగా, రివర్‌టుసీ సంస్థ ఎస్-వేవర్ వంటి అచ్చుపోత ఎరలు అందులో కొంత ధరకే దొరుకుతాయి. ఉప్పునీటిలో ముందుగా పాడయ్యేది రంగు కాదు. తుప్పుపట్టే కొక్కేలు, సాగిపోయే రింగులు, వదులయ్యే కీలు. అందువల్ల దేహం చవకదైనా కీలు గట్టిగా ఉన్నదాన్ని ఎంచుకుని, మిగిలిన డబ్బుతో బలమైన కొక్కేలు, రింగులు మార్చుకోవడమే తెలివైన పని. దీనికి మరో కారణం కూడా ఉంది: సముద్రపు నీరు మంచినీటికన్నా సుమారు 2.5 శాతం సాంద్రమైనది కావడంతో, మంచినీటిలో మెల్లగా మునిగే 40 గ్రాముల ఎరకు ఇక్కడ దాదాపు 1 గ్రాము తేలుడు అదనంగా వచ్చి, అది మునగకుండా తేలిపోవచ్చు. బరువైన కొక్కెం ఆ లోటునూ తీరుస్తుంది. కొన్న ఎరను ఏటి నీటితో నింపిన బకెట్టులో వేసి, అది వాలిపోకుండా సమంగా దిగుతున్నదో లేదో చూడటం అన్నివిధాలా మంచిది.

ఒక్కటే కొనగలిగినవారికి మెత్తని రకమే మేలు. ఈశాన్య రుతుపవనాల వానలకు ఏరు బురదనీటితో నిండినప్పుడు చేప కంటికన్నా పార్శ్వరేఖపై, అంటే నీటి కదలికలను పసిగట్టే ఇంద్రియంపై, ఎక్కువగా ఆధారపడుతుంది కనుక తోక అదురు దానికి చేరుతుంది. చూపును ఆకర్షించే గ్లైడ్‌బెయిట్‌కు తేటనీరు కావాలి.

పండుగప్ప సాధారణంగా మగదిగా ఎదిగి, కొన్నేళ్ల తర్వాత ఆడదిగా మారుతుంది. కాబట్టి గాలానికి పడిన పెద్ద చేపల్లో అత్యధికం గుడ్లుపెట్టే తల్లులే. కొక్కేల ఎదురుముళ్లను పటకారుతో నొక్కి అణచి, అటువంటి చేపలను గాయపరచకుండా తిరిగి ఏటిలోకి వదలాలని పుదుచ్చేరి వేటగాళ్లకు విజ్ఞప్తి.