ఆయాసాన్ని కొలిచేదెలా?

విశాఖపట్నంలో కిరండూల్ పాసెంజర్ ఎక్కితే అది అరకు, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా బైలదిల్లా కొండల దాకా వెళుతుంది. ఆ మార్గంలో చివరి స్టేషన్ కిరండూల్. బైలదిల్లా గనుల్లో 1968లో ఇనుప ఖనిజం ఉత్పత్తి మొదలైంది. పని కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి.

ఖనిజం తవ్వే చోట ధూళి తప్పదు. అయితే ధూళి అంతా ఒకటి కాదు. ఇనుప ఆక్సైడు ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే 'సిడరోసిస్' వస్తుంది. ఇనుము ఎక్స్ కిరణాలను అడ్డగిస్తుంది కనుక ఎక్స్‌రేలో మచ్చలు స్పష్టంగా కనబడతాయి. కానీ సిడరోసిస్ ఒక్కటే ఉన్నప్పుడు మనిషికి పెద్దగా ఆయాసం ఉండదు. సిలికా ధూళి అలా కాదు. ఇనుప ఖనిజానికి ఆనుకుని ఉండే రాతి పొరల్లో సిలికా ఉంటుంది. దాని సూక్ష్మ కణాలను ఏళ్ల తరబడి పీలిస్తే 'సిలికోసిస్' రావచ్చు. ఇందులో ఊపిరితిత్తులు లోపల మానని గాయంలా గట్టిపడతాయి. ఇలా గట్టిపడటాన్నే ఫైబ్రోసిస్ అంటారు. దీనికి ధూళి ఒక్కటే కారణం కాదు. కొన్ని కీళ్ల జబ్బులు, పావురాల రెట్టల వంటివి కలిగించే అలర్జీ, కొన్ని మందులు కూడా కారణం కావచ్చు. ఒక్కోసారి ఏ కారణమూ దొరకదు.

ఇద్దరు విశ్రాంత కార్మికులను ఊహించుకోండి. ఒకరి ఎక్స్‌రే నిండా మచ్చలే, అయినా ఆయన రోజూ వాగు దాకా నడిచి వస్తాడు. రెండో ఆయన ఎక్స్‌రేలో మచ్చలు తక్కువే, కానీ స్నానం చేసి చొక్కా వేసుకునేసరికి మంచం మీద కూలబడతాడు. వీరిలో ఎవరి జబ్బు ఎక్కువ? ఈ ప్రశ్నకు ఎక్స్‌రే ఒక్కటే జవాబు చెప్పలేదు.

యంత్రం చెప్పేది

మన ఊపిరితిత్తుల్లో కోట్లాది వాయుగోణులు ఉంటాయి. వాటి పలుచని గోడల గుండా ఆక్సిజన్ రక్తంలోకి చేరుతుంది. ఫైబ్రోసిస్‌లో ఆ గోడలు మందమై, సాగే గుణం కోల్పోతాయి. గుండెల నిండా గాలి పీల్చి, బలంగా పూర్తిగా వదిలితే ఎంత గాలి వస్తుందో స్పైరోమీటరు కొలుస్తుంది. ఈ కొలత తగ్గుతూ వస్తే జబ్బు ముదురుతున్నదని వైద్యులు గ్రహిస్తారు.

ఇది ఎంతో అవసరమైన కొలత. కానీ ఇది ఊపిరితిత్తులను కొలుస్తుంది, మనిషి బతుకును కాదు. ఒక ఉదాహరణ చూడండి. కారణం తెలియని ఫైబ్రోసిస్‌కు ఇచ్చే నింటెడనిబ్ మందుపై రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2014లో వెలువడ్డాయి. గాలి కొలత పడిపోయే వేగం రెండింటిలోనూ దాదాపు సగానికి తగ్గింది. రోగులు నింపిన ప్రశ్నావళిలో మాత్రం ఒక పరీక్షలోనే స్వల్ప తేడా కనిపించింది, రెండోదానిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ మందుతో చాలామందికి విరేచనాలు కూడా అయ్యాయి. మందు పనికిరాదని దీని అర్థం కాదు. ఊపిరితిత్తికి కలిగిన మేలు, రోగికి తెలిసిన మేలు రెండింటినీ వేర్వేరుగా కొలవాలని దీని అర్థం.

రోగి చెప్పేది

ఇలాంటి కొలతల్లో పాతది ఒకటి గని కార్మికుల నుంచే వచ్చింది. బ్రిటన్‌లోని వేల్స్ బొగ్గు గని కార్మికుల ఊపిరితిత్తులను పరిశీలించిన ఛార్లెస్ ఫ్లెచర్, ఆయన సహచరులు ఆయాసాన్ని ఐదు మెట్లుగా విభజించారు. దీన్ని ఎమ్మార్సీ స్కేలు అంటారు. బాగా శ్రమపడితేనే ఆయాసం వస్తే అది మొదటి మెట్టు. కొద్దిపాటి ఎత్తు ఎక్కినా వస్తే రెండోది. చదునైన నేల మీద తోటివారికంటే వెనకబడితే మూడోది. వంద గజాలు నడిచి ఆగిపోతే నాలుగోది. బట్టలు మార్చుకున్నా ఆయాసం వస్తే ఐదోది.

రెండో కొలత ఆరు నిమిషాల నడక. దీనికి ముప్ఫై మీటర్ల వరండా, గడియారం, వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు ఉంటే చాలు. గతంలోకంటే సుమారు ముప్ఫై మీటర్లు తక్కువ నడిస్తే ఆ తేడాను పట్టించుకోవాలి. మూడోది ప్రశ్నావళి. ఫైబ్రోసిస్ వంటి జబ్బుల కోసమే తయారైన 'కె-బిల్డ్'లో 15 ప్రశ్నలుంటాయి. ఆయాసం, ఛాతీ బాధలతో పాటు దిగులు, భయం గురించి కూడా అది అడుగుతుంది.

వీటిని పరిశోధనల్లోనే కాక, రోగి ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ వాడటమే అసలు విషయం. రోగి తన వంతు కోసం కూర్చున్న పది నిమిషాల్లో ప్రశ్నావళి పూర్తవుతుంది. డాక్టరు దాన్ని పాత కాగితంతో పోల్చి చూస్తారు. గాలి కొలత మారకపోయినా మార్కులు పడిపోతే దగ్గు, నిద్రలేమి, దిగులు వంటి కారణాలు వెతుకుతారు. అవసరమైతే ఆక్సిజన్, శ్వాస వ్యాయామాలు సూచిస్తారు. కాగితం నింపించి ఫైలులో పడేస్తే మాత్రం రోగికి శ్రమ తప్ప లాభం లేదు.

రెండు చిక్కులు

మొదటి చిక్కు భాష. కిరండూల్ వీధుల్లో తెలుగుతో పాటు హిందీ, గోండి, హల్బీ, ఒడియా వినిపిస్తాయి. ప్రశ్నను మాటకు మాట మార్చితే సరిపోదు. అనువాదాన్ని ఇంకొకరు తిరిగి మూలభాషలోకి మార్చాలి. రెండింటినీ పోల్చి, తర్వాత కొందరు రోగులకు చదివి వినిపించి ఏమర్థమైందో అడగాలి. కొండవాలు ఊళ్లో 'చదునైన నేల' అంటే ఏ దారిని తలచుకుంటారు? మెట్లే లేని ఇంటివారిని మెట్ల గురించి అడిగితే ఏం చెబుతారు? చదువురాని వారికి ప్రశ్నలు చదివి వినిపించాలి. అయితే పక్కనున్న కొడుకో కోడలో జవాబు చెప్పకుండా చూడాలి.

రెండో చిక్కు ఇంకా లోతైనది. ఆయాసం వచ్చే పనిని మనిషి నెమ్మదిగా మానేస్తాడు. మొదట సంతకు వెళ్లడం ఆగుతుంది, తర్వాత గుడికి, తర్వాత పెరట్లోకి. అప్పుడు "ఆయాసం ఉందా?" అని అడిగితే "లేదు" అంటాడు. అది అబద్ధం కాదు, కూర్చున్న మనిషికి ఆయాసం రాదు కదా! అందుకే "పోయిన ఏడాది చేసి, ఇప్పుడు మానేసిన పని ఏమిటి?" అని కూడా అడగాలి.

మీ ఇంట్లో పెద్దవారెవరైనా నెలల తరబడి పొడి దగ్గుతో, ఆయాసంతో ఉంటే "వయసు మీద పడింది" అని సరిపెట్టుకోకండి. పై ప్రశ్న వారిని అడగండి. జవాబు ఒక కాగితం మీద తేదీతో సహా రాసి, ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరుకు చూపించండి.