జేబుకత్తి - దాని పదును

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నల్లరేగడిలో వాన కురిసి నేల దున్నుటకు అనువైనప్పుడు "పదునైంది" అంటారు. నేల మరీ తడిస్తే బంకవలె నాగలిని పట్టుకొంటుంది. మరీ ఎండితే రాయి అవుతుంది. ఆ రెంటికీ నడుమ స్థితియే పదును. కత్తికి కూడ ఈ మాటే వాడుతారు. శాస్త్రదృష్టితో చూచినా ఇది చాలా ఉచితమైన వాడుక.

పొలానికి పోయే రైతు, గొర్రెల వెంట తిరిగే కాపరి, వక్కాకు నమిలే పెద్దలు మడతచాకును దగ్గర ఉంచుకొనుట పాత అలవాటు. గోతాము నోరు విప్పుటకు, పలుపు కోయుటకు, మామిడికాయ చెక్కు తీయుటకు అదే సాధనం. తుప్పుపట్టని చౌక చాకులు వచ్చిన తరువాత పాతవి మూలబడినవి. ఇప్పుడు వాటిని ఏరి దాచేవారు, సరదాగా రోజూ జేబులో వేసుకొనేవారు ఉన్నారు. అయితే వాటికి కీడు తలపెట్టేది కూడ ఒక్కొక్కప్పుడు వీరే!

మడతచాకులో ముఖ్యమైన ఉక్కు భాగాలు రెండు: కోసే అలుగు, దానిని తెరచినచోట, మూసినచోట నిలిపే వెన్నుపట్టీ. రెండూ ఉక్కే, కాని వాటి పదునులు వేరు. అలుగు గట్టిగా ఉండాలి, లేకుంటే వాదర వంగిపోతుంది. పట్టీ వంగి మళ్లీ లేవాలి, లేకుంటే విరిగిపోతుంది. ఒకే లోహంతో ఈ రెండు గుణాలు సాధించుట ఎట్లా?

ఇనుములో నూటికి 0.6 నుండి 1 వంతు వరకు కర్బనం చేరితే కత్తికి తగిన ఉక్కు అవుతుంది. కమ్మరి దానిని కొలిమిలో ఎర్రబడేవరకు, అనగా సుమారు 800 డిగ్రీల సెంటిగ్రేడు వరకు, కాలుస్తాడు. దానిని చటుక్కున నీటిలోనో నూనెలోనో ముంచితే కర్బన పరమాణువులకు బయటపడే వ్యవధి ఉండదు. ఇనుప స్ఫటికాల నడుమనే చిక్కుకొంటవి. ఇట్లు ఏర్పడిన స్థితికి మార్టెన్‌సైట్ అని పేరు. అది చాలా గట్టిది, కాని గాజువలె పెళుసు. అందుచేత కమ్మరి దానిని మళ్లీ కొద్దిగా వేడిచేస్తాడు. మెరుగుపెట్టిన ఉక్కుమీద పలుచని ఆక్సైడు పొర ఏర్పడి, వేడి పెరిగినకొద్దీ రంగులు మారుతుంది. సుమారు 230 డిగ్రీల వద్ద గడ్డి పసుపు, 275 వద్ద ఊదా, 300 వద్ద నీలం. గడ్డి పసుపు వద్ద ఆపితే అలుగు, నీలం వద్ద ఆపితే వెన్నుపట్టీ సిద్ధం. ఉష్ణమాపకం లేని కొలిమిలో కన్నే ఉష్ణమాపకం! ఆళ్లగడ్డ శిల్పులు రాతిని చెక్కే ఉక్కు ఉలి మొనకు పదునుపెట్టుటలోను సూత్రం ఇదే.

పాత చాకు దొరికిన ఉత్సాహంలో కొందరు దానిని కరెంటు సానచక్రానికి పెడతారు. నిప్పురవ్వలు ఎగురుతవి, వాదర తళతళలాడుతుంది. ఆ అంచున ఒక్క క్షణం నీలిరంగు కనబడితే మాత్రం అక్కడి గట్టిదనం తగ్గిపోయినట్లే. ఎంత నూరినా ఆ భాగం నిలువదు. ఆ నీలిరంగును రుద్ది చెరిపితే రంగు పోతుందే గాని గట్టిదనం తిరిగి రాదు. సానరాతిమీద నీళ్లు చల్లి, నిదానంగా చేతితో నూరుటే క్షేమం.

జేబుకత్తికి మన ఉక్కుతో చరిత్రలో ఒక సంబంధమున్నది. దక్షిణదేశపు మూసల ఉక్కును ఐరోపావారు 'ఊట్జ్' అన్నారు. ఇది 'ఉక్కు' శబ్దానికి వికృతి అని పలువురి అభిప్రాయం. తెలంగాణలోని కోనసముద్రం ఇట్టి ఉక్కుకు పేరుపొందిన తావు. 1795లో జార్జి పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంలో, బొంబాయినుండి వచ్చిన ఊట్జ్ ముక్కతో స్టోడార్టు అనే కత్తుల పనివాడు ఒక చిన్న కలంచాకు చేసిన సంగతి ఉన్నది. దానికి పదునుపెట్టిన వేడి 450 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా సుమారు 232 సెంటిగ్రేడు. మన కమ్మరి గడ్డి పసుపు అదే కదా!

పాత అలుగుమీది నలుపును చూచి మురికి అని గీకేవారున్నారు. వక్కలోను, అరటి జిగురులోను టానిన్ ఉంటుంది. అది ఇనుముతో కలిసి నల్లని పదార్థమవుతుంది. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేయుటలో జరిగేదీ ఇదే. మహానంది అరటితోటలలో వాడిన కత్తి నల్లబడుటకు కారణమిది. ఈ నల్లపొర ఎర్రతుప్పును కొంతవరకు ఆపుతుంది. దానిని ఉంచుటే మేలు. ఎర్రతుప్పును మాత్రం నూనె గుడ్డతో తుడిచివేయాలి. సుమారు 11 శాతానికి మించి క్రోమియం ఉన్న ఉక్కుకు ఈ బాధ తక్కువ.

వెన్నుపట్టీ అలుగును ఆపుతుందే గాని తాళం వేయదు. మొనతో పొడిచి తిప్పితే కత్తి చేతివేళ్ల మీదికే మూసుకొంటుంది. చట్టం మాట కూడ ఒకటి: ఆయుధాల నిబంధనలు 9 అంగుళాలకు మించిన పొడవో, 2 అంగుళాలకు మించిన వెడల్పో గల అలుగున్న కత్తులను ఆయుధాలలో చేర్చి, ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవాటిని మినహాయించినవి. జేబులో పట్టే చాకు ఆ కొలతకు రాదు. అయినా విమానమెక్కేటప్పుడు వెంట ఉంచుకోనివ్వరు.