పేరు గాలిది... ప్రాణం ఆయిల్‌ది!

పాత పోర్షె 911 స్పోర్ట్స్‌కారుకి రేడియేటర్ ఉండదు. నీళ్లు పోసే పనే లేదు. గాలితో చల్లబడుతుంది కాబట్టి అభిమానులంతా దాన్ని ముద్దుగా 'ఎయిర్‌కూల్డ్' అంటారు. కానీ ఆ ఇంజిన్ పదికాలాలపాటు బతకాలంటే గాలి ఒక్కటే చాలదు. వేడెక్కిన ఆయిల్‌ని వెనక నుంచి కారు ముక్కు దాకా పంపి, చల్లార్చి, మళ్లీ వెనక్కి తెచ్చుకోవాలి. ఆ చల్లార్చే పెట్టెని ఎక్కడ బిగించాలి, దానికి గొట్టాలు ఎలా వేయాలి... వీటి మీదే లక్షల విలువచేసే ఇంజిన్ ఆయుష్షు ఆధారపడి ఉంటుంది!

మామూలు కారు బానెట్ ఎత్తితే ముందుగా కనిపించేది రేడియేటర్. ఇంజిన్ చుట్టూ తిరిగిన నీళ్లు అక్కడి వేడిని మోసుకొచ్చి రేడియేటర్లో గాలికి వదిలేస్తాయి. చల్లబడి మళ్లీ ఇంజిన్లోకి వెళ్తాయి. పాత 911లో బానెట్ ఎత్తితే ఇవేవీ కనిపించవు. సామాన్లు పెట్టుకునే చోటు, పెట్రోలు ట్యాంకు, స్పేర్ టైరు... అంతే. ఇంజినేమో వెనక చక్రాలకూ వెనకాల ఉంటుంది!

ఈ కారుని 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు షోలో తొలిసారి చూపించారు. అప్పుడు దాని పేరు 901. మధ్యలో సున్నా ఉండే మూడంకెల పేర్లు తమవని ఫ్రెంచి కంపెనీ ప్యూజో అభ్యంతరం చెప్పడంతో 911గా మారింది. రెండు లీటర్ల ఇంజిన్, 130 హార్స్‌పవర్, గంటకి 210 కిలోమీటర్ల వేగం. ఆరు సిలిండర్లూ నిలబడి ఉండవు. మూడు అటు, మూడు ఇటు పడుకుని ఉంటాయి. వాటి చుట్టూ బైకు ఇంజిన్లకి ఉన్నట్టే పల్చటి లోహపు రెక్కలు. బెల్టుతో తిరిగే పెద్ద ఫ్యాన్ ఒకటి ఆ రెక్కల మధ్యలోంచి గాలిని తోస్తుంది.

గాలి చేరని చోటుకి...

ఇక్కడే ఓ చిక్కుంది. ఫ్యాన్ గాలి సిలిండర్లకి బయటివైపే తగులుతుంది. లోపల నిమిషానికి వేలసార్లు తిరిగే క్రాంక్‌షాఫ్ట్, దాన్ని మోసే బేరింగులు, మంటకి అవతలివైపున్న పిస్టన్ల అడుగుభాగం... వీటి దగ్గరికి గాలి వెళ్లలేదు. వెళ్లేది ఆయిల్ ఒక్కటే. మామూలు కార్లలో దాని ప్రధానమైన పని రాపిడిని తగ్గించడం. 911లో వేడిని మోసుకురావడం కూడా అంతే ముఖ్యమైన పని. ఓ చిన్న కారుకి నాలుగు లీటర్ల ఇంజినాయిల్ సరిపోతే, ఈ కారుకి మొదట్లోనే తొమ్మిది లీటర్లు కావాల్సి వచ్చింది. 1980ల నాటికి అది 13 లీటర్లకి చేరింది.

అంత ఆయిల్‌ని ఇంజిన్ అడుగున ఉండే చాంబర్లో నింపరు. వేగంగా వెళ్తున్న బస్సు మలుపు తిరిగితే చేతిలోని గ్లాసులో నీళ్లు ఓ పక్కకి ఒరిగిపోతాయి కదా. చాంబర్లోని ఆయిల్ కూడా అలాగే ఒరిగితే పంపు ఆయిల్‌కి బదులు గాలిని పీలుస్తుంది. బేరింగులు అరిగిపోవడానికి కొద్ది సెకన్లు చాలు. అందుకే 911లో ఆయిల్‌కి ప్రత్యేకంగా ఓ ట్యాంకు ఉంటుంది, కుడివైపు వెనక చక్రం దగ్గర. ఒక పంపు ఇంజిన్ అడుగుకి జారిన ఆయిల్‌ని ఎప్పటికప్పుడు తోడి ట్యాంకుకి పంపిస్తుంది. మరో పంపు ట్యాంకులోంచి తీసి ఒత్తిడితో ఇంజిన్‌కి అందిస్తుంది. ఇంజిన్ మీదే చిన్న ఆయిల్ కూలర్ ఒకటి ఉంటుంది. ఫ్యాన్ గాలిలో కొంత దానికీ తగులుతుంది.

మొదటి కొన్నేళ్లూ ఆ ఏర్పాటు సరిపోయింది. తర్వాత వేగం మోజు పెరిగింది. 911ఎస్ మోడల్ 160 హార్స్‌పవర్‌తో వచ్చి, 1969 మోడల్ నాటికి 170కి చేరింది. శక్తి పెరిగితే వేడీ పెరుగుతుంది. ఇంజిన్ మీది కూలర్ ఒక్కటే ఆ వేడిని తట్టుకోలేకపోయింది. దాంతో 1969 మోడల్ 911ఎస్‌కి రెండో కూలర్ పెట్టారు. అదీ ఇంజిన్ దగ్గర కాదు... నాలుగు మీటర్లకు పైగా పొడవున్న కారుకి ఆ చివర, కుడివైపు ముందు మడ్‌గార్డు లోపల!

అంత దూరం ఎందుకు?

వెనకభాగం అప్పటికే కొలిమిలా ఉంటుంది. ఇంజిన్, సైలెన్సర్, వాటి మీదుగా వచ్చే వేడిగాలి... అక్కడ ఎంత పెద్ద కూలర్ పెట్టినా వేడిగాలితోనే చల్లార్చాలి. వేడన్నాన్ని పొయ్యి పక్కనే పెట్టి విసురుకున్నట్టు ఉంటుంది. కారు ముక్కు దగ్గరైతే ఎదురొచ్చే గాలి తాజాగా, చల్లగా ఉంటుంది. అందుకే ఇంజిన్ నుంచి తోడిన వేడి ఆయిల్ నేరుగా ట్యాంకులోకి వెళ్లకుండా, కుడివైపు తలుపు కింది అంచు వెంబడి వేసిన లోహపు పైపుల్లో ముందుకెళ్లి, కూలర్లో చల్లబడి, అదే దారిలో వెనక్కి వచ్చి ట్యాంకులో పడుతుంది. ఆ పైపులు కూడా దారిపొడుగునా కాస్త వేడిని వదులుతాయి.

అలాగని ఆయిల్‌ని ఎప్పుడూ చల్లారుస్తూనే ఉండకూడదు. చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ చిక్కగా ఉంటుంది. దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పితే వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరిలో కొంత ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ తగినంత వేడెక్కితేనే ఆ తేమ ఆవిరైపోతుంది. లేకపోతే జిడ్డులా పేరుకుంటుంది. అందుకే దారి మధ్యలో ఓ థర్మోస్టాట్ ఉంటుంది. ఆయిల్ సుమారు 85 డిగ్రీలకి చేరేదాకా అది కూలర్ దారిని మూసి ఉంచి, ఆయిల్‌ని నేరుగా ట్యాంకుకి పంపేస్తుంది. వేడెక్కాక దారి తెరుస్తుంది. ఇంతా చేసి అది గుప్పిట్లో పట్టేంత భాగం. మూసుకున్నది మూసుకున్నట్టే బిగుసుకుపోతే మాత్రం ముందు ఎంత ఖరీదైన కూలర్ ఉన్నా దండగే!

ఆయిల్ మూతలో పెట్రోలు

1972 మోడల్లో పోర్షె ఇంజినీర్లు ఓ మార్పు చేశారు. కారు బరువంతా వెనకే ఉంటోందని, ఆయిల్ ట్యాంకుని వెనక చక్రానికి ముందువైపుకి జరిపారు. ఆయిల్ పోయడానికి కుడి తలుపు వెనక, బయటికి కనిపించేలా చిన్న మూత పెట్టారు. చూడటానికి అది అచ్చం పెట్రోలు మూతలా ఉండేది. ఇంకేముంది! కొన్ని బంకుల్లో కుర్రాళ్లు దాన్ని తెరిచి పెట్రోలు కొట్టేశారు. అసలు పెట్రోలు మూత ఎడమవైపు ముందు మడ్‌గార్డు మీద ఉంటుందని వాళ్లకి తెలియదు మరి. 1973 మోడల్‌కల్లా ట్యాంకు మళ్లీ పాత చోటుకే వెళ్లిపోయింది. ఆ ఒక్క ఏడాది మూత ఉన్న కార్లంటే ఇప్పుడు సేకరించేవాళ్లకి భలే మోజు.

వేడి తెచ్చిన చేటు

ఆయిల్ చల్లబడకపోతే ఏమవుతుందో 1970ల మధ్యలో బాగా తెలిసొచ్చింది. అప్పటికి ఇంజిన్ 2.7 లీటర్లకి పెరిగింది. బరువు తగ్గించడానికి దాని బాడీని మెగ్నీషియంతో పోతపోసేవారు. అమెరికాలో కాలుష్య నిబంధనలు కఠినమవడంతో అక్కడికి పంపే కార్లకి థర్మల్ రియాక్టర్లు బిగించారు. సిలిండర్ల నుంచి వచ్చే పొగలో మిగిలిన ఇంధనాన్ని మళ్లీ మండించే పెట్టెలవి. అంటే ఇంజిన్‌ని ఆనుకుని మరో పొయ్యి వెలిగించినట్టే! ఆ వేడికి మెగ్నీషియం మెత్తబడేది. సిలిండర్లని ఒడిసిపట్టే పొడవాటి స్టడ్‌లు మరలతో సహా ఊడొచ్చేవి. ఆ ఇంజిన్లను బాగుచేసేటప్పుడు ప్రతి రంధ్రంలోనూ ఉక్కు మరలు అమర్చడం మెకానిక్‌లకి మామూలైపోయింది. 1978లో వచ్చిన 911 ఎస్‌సి మోడల్‌కి కంపెనీ అల్యూమినియం బాడీ వాడింది.

కూలర్లూ మారుతూ వచ్చాయి. ఎస్‌సి తొలి కార్లలో ముందు ఉండేది రెక్కలున్న కూలర్ కాదు. మెలికలు తిప్పిన గొట్టం. బ్యాండుమేళంలో వాయించే ట్రాంబోన్‌లా ఉంటుందని దానికి ఆ పేరే స్థిరపడింది. 1984 మోడల్ కరేరా 3.2కి రేడియేటర్‌ని పోలిన కూలర్ వచ్చింది. అయితే అది మడ్‌గార్డు లోపల దాగి ఉంటుంది. కారు పరుగెడుతున్నప్పుడు గాలి తగులుతుంది. ట్రాఫిక్‌లో ఆగితే తగిలే గాలే లేదు. అందుకే 1987లో దానికి ఓ కరెంటు ఫ్యాన్ కూడా జతచేశారు.

రేసుకార్ల దారి వేరు. 1973లో డేటోనా 24 గంటల రేసునీ, సిసిలీ కొండదారుల్లో జరిగే టార్గా ఫ్లోరియోనీ గెలిచిన కరేరా ఆర్ఎస్ఆర్‌లో కూలర్‌ని మడ్‌గార్డులో దాచలేదు. ముందు భాగం మధ్యలో కిటికీలా కోసి, గాలికి ఎదురుగా పెట్టారు. పాత కారుకి మంచి కూలర్ కావాలనుకునేవాళ్లలో చాలామంది ఇప్పుడూ ఆ పద్ధతినే అనుసరిస్తున్నారు.

పెద్దదైతే చాలదు

కూలర్ ఎంత పెద్దదన్నదాని కంటే దానిలోంచి గాలి ఎంత పోతోందన్నది ముఖ్యం. గాలి రావడానికి దారి ఉండాలి, వెళ్లడానికీ ఉండాలి. ఎదురుగా ఎంత పెద్ద కిటికీ ఉన్నా వెనక తలుపు మూసేస్తే ఇంట్లోకి గాలి ఆడదు. ఇదీ అంతే. గాలి పక్కలనుంచి జారిపోకుండా కూలర్ చుట్టూ రేకుతో దారి కట్టాలి. వెనకవైపు చక్రం గూటిలోంచి బయటికి పోనివ్వాలి. రాళ్లు తగిలి రెక్కలు వంగిపోకుండా ముందు జాలీ ఉండాలి. స్టీరింగ్‌ని పూర్తిగా తిప్పి, టైరు ఎక్కడా గొట్టానికి రాసుకోవడం లేదని చూడాలి. గొట్టాలు తగిలించే మూతులు వీలైనంతవరకూ పైవైపు ఉండేలా బిగిస్తే లోపల గాలి చిక్కుకోదు. అదురుకి పగుళ్లివ్వకుండా రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెట్టాలి.

అసలు ఓపిక కావాల్సింది గొట్టాల దగ్గర. మంచు పడే దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఏళ్ల తరబడి ఆ ఉప్పూ బురదా తగిలి నట్టూ పైపూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అక్కడ వాడేది 36 ఎంఎం స్పానర్. ఒక్క స్పానర్‌తో బలంగా తిప్పితే నట్టు రాదు సరికదా పైపే మెలితిరిగిపోతుంది. అందుకే ఒక స్పానర్‌తో పట్టుకుని, రెండోదానితో తిప్పాలి. అప్పటికీ రాకపోతే మెల్లగా వేడిచేస్తారు. లేదా పాత గొట్టాన్ని కోసేస్తారు. చవగ్గా వస్తుందని మామూలు రబ్బరు పైపు వేసి క్లిప్పు బిగిస్తే కొరివితో తల గోక్కున్నట్టే. ఒక్క జాయింటు ఊడితే ఆయిల్ అంతా రోడ్డు పాలవుతుంది. డ్రైవరు గమనించేలోపే ఇంజిన్ సీజ్ అయిపోవచ్చు. వేడి సైలెన్సర్ మీద పడితే మంటలూ రావచ్చు.

చాలామంది పట్టించుకోని ముఖ్యమైన విషయం మరొకటుంది. బేరింగు పాడై ఇంజిన్ విప్పాల్సి వచ్చినప్పుడు, అరిగిన లోహపు పొడి ఆయిల్‌తోపాటు కూలర్లోకీ, పైపుల్లోకీ చేరుతుంది. సన్నటి ఆ దారుల్లోంచి దాన్ని పూర్తిగా కడగడం కష్టం. ఇంజిన్‌ని కొత్తదానిలా తయారుచేసి, పాత కూలర్‌నే తగిలిస్తే ఆ పొడి మెల్లగా బయటికొచ్చి కొత్త బేరింగుల్నీ తినేస్తుంది. కూలర్ ఖర్చుకి వెనకాడి రెండోసారి ఇంజిన్ విప్పడం కంటే, మొదటిసారే దాన్ని మార్చేయడం చవక.

ముల్లు చెప్పే మాట

911 నడిపేవాళ్లు డాష్‌బోర్డులో ఎక్కువగా చూసేది ఆయిల్ వేడిని చూపించే ముల్లునే. 80 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింత. 120 దాటి ఎక్కుతోందంటే వేగం తగ్గించి, కారణం వెతకాల్సిందే. ఆయిల్ ఎంతుందో చూడటంలోనూ తేడా ఉంది. మామూలు కారులో ఇంజిన్ ఆపేసి చూస్తాం. 911లో మాత్రం బాగా వేడెక్కాక, చదునైన చోట ఆపి, ఇంజిన్ తిరుగుతుండగానే చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి, తక్కువైందనుకుని పోసేస్తే ట్యాంకు పొంగుతుంది.

ఈ సూత్రం మనకీ కొత్తదేం కాదు. మన రోడ్ల మీద తిరిగే రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 బైకుని ముందు నుంచి గమనిస్తే ఇంజిన్‌కి ఎదురుగా చిన్న రేడియేటర్ లాంటిది కనిపిస్తుంది. అందులో తిరిగేది నీళ్లు కాదు, ఇంజినాయిలే. దాని రెక్కల్లో పేరుకున్న బురదని అప్పుడప్పుడూ మెత్తగా కడిగితే చాలు, దాని పని అది చేసుకుపోతుంది.

గాలితో చల్లబడే 911ల తయారీ 1998లో ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన 911లన్నీ నీళ్ల రేడియేటర్లతోనే వచ్చాయి. కాబట్టి ఇప్పుడున్న ఎయిర్‌కూల్డ్ కార్లను జాగ్రత్తగా కాపాడుకోవాల్సిందే. కొనడానికి వచ్చినవాళ్లు రంగు చూస్తారు, సీట్లు చూస్తారు, ఇంజిన్ చప్పుడు విని మురిసిపోతారు. పనితెలిసిన మెకానిక్ మాత్రం ముందు నేలమీద వంగి, కుడిపక్క చక్రం గూటిలోకి టార్చిలైటు వేసి చూస్తాడు!