పెట్రోల్ బంక్ మెయింటెనెన్స్ టెండర్: మైనస్ ఎంత కొట్టాలి?

అమలాపురం నుంచి రాజోలు వెళ్తుంటే దారిలో బంకులు చూస్తాం కదా. పైన కెనోపీ లైట్లు, కింద కాంక్రీటు, భూమిలో ట్యాంకులు, పక్కన ఎర్తింగ్ గుంటలు. ఇవి పాడైతే ఎవరు బాగుచేయిస్తారు? డీలరే అనుకుంటాం. కానీ చాలాచోట్ల పంపులు, ట్యాంకులు ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం వాళ్లవే. మూడూ ప్రభుత్వ రంగ కంపెనీలు. అందుకే ఆ పనులు టెండర్లలో వస్తాయి.

సెంట్రల్ పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో వెతకడం ఫ్రీ. బిడ్ వెయ్యాలంటే మాత్రం క్లాస్ 3 డిజిటల్ సిగ్నేచర్ కావాలి. మామూలుగా రెండు కవర్లు: టెక్నికల్, ప్రైస్. మొదటిదాంట్లో పోతే రెండోది తెరవనే తెరవరు.

మనవాళ్లు ఆగిపోయేది ఎక్స్‌పీరియన్స్ దగ్గర. సెంట్రల్ విజిలెన్స్ కమిషన్ 2002లో ఒక కొలత ఇచ్చింది, చాలా టెండర్లు ఇప్పటికీ దాని మీదే నడుస్తాయి. 10 లక్షల పని అనుకోండి. గత ఏడేళ్లలో అలాంటివే 4 లక్షలవి మూడు, లేదా 5 లక్షలవి రెండు, లేదా 8 లక్షలది ఒకటి పూర్తి చేసుండాలి. కాబట్టి చిన్న పనులతోనే మొదలెట్టండి, ప్రతిదానికీ కంప్లీషన్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

ఇంకోటి. "ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే ఈఎండీ కట్టక్కర్లేదు" అని చెప్తారు. ఆ పాలసీ వస్తువులకి, సర్వీసులకి. వర్క్స్ కాంట్రాక్టుకి వర్తించదు. టెండర్‌లో ఏం రాశారో చూడకుండా ఈఎండీ వదిలేస్తే బిడ్ రిజెక్టే.

ఇప్పుడు అసలు సంగతి, రేటు. చాలా టెండర్లలో కంపెనీయే రేట్లు ఇస్తుంది, మనం ఎంత శాతం తక్కువకి చేస్తామో చెప్పాలి. "మైనస్ 30 కొట్టెయ్ రా, పనొచ్చాక చూసుకుందాం" అనే అన్నయ్య ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ఆయ్, పని వస్తుంది. 10 లక్షల పని 7 లక్షలకి. తర్వాత?

ట్యాంకర్ దిగుతున్నంతసేపూ వెల్డింగ్, గ్రైండింగ్ ఆపాల్సిందే. పర్మిట్ సంతకం అయ్యేదాకా మనుషులు ఊరికే కూర్చుంటారు, కూలీ మాత్రం నడుస్తుంది. పీఎఫ్, ఈఎస్ఐ వేరే. పైగా మన కోనసీమలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు. గుంటలో నీళ్లు తోడే మోటారు ఖర్చు ముందే వేసుకోవాలి. 20 కిలోలీటర్ల ఖాళీ ట్యాంకు పూర్తిగా నీటిలో మునిగితే దాదాపు 20 టన్నుల బలం దాన్ని పైకి నెడుతుంది. సరిగ్గా బిగించకపోతే తేలిపోతుంది, ఇది ఆర్కిమెడిస్ లెక్కే! సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పుగాలికి ఎర్తింగ్ పట్టీలు కూడా తొందరగా తుప్పు పడతాయి.

7 లక్షల్లో ఇవన్నీ పట్టవు. అప్పుడు ముందు కోసేది గ్యాస్ డిటెక్టర్, తర్వాత సూపర్‌వైజర్. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, వెళ్లి గుంటల్లోనే కూర్చుంటుంది. అందులోకి దిగేది మీరు కాదు, మీ దగ్గర రోజుకూలీకి వచ్చిన కుర్రాడు. 2014 జూన్ 27న మన నగరంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా పోయారు. అది బంకు కాదు, నిజమే. కానీ ఇంధనం లీకైతే ఏమవుతుందో మన జిల్లావాళ్లకి వేరే చెప్పాలా?

అందుకని ఒక కాగితం తీసుకోండి. మెటీరియల్, కూలీ, ఖాళీగా కూర్చునే గంటలు, నీళ్లు తోడడం, సేఫ్టీ సామాను, బిల్లు వచ్చేదాకా వడ్డీ అన్నీ రాయండి. పైన మీ లాభం కలపండి. మైనస్ 8 వస్తే మైనస్ 8 వెయ్యండి. ఎవడో 30 వేసి పట్టుకుపోతే పోనివ్వండి. వచ్చే ఎపిసోడ్‌లో ఈ లెక్కని ఎక్సెల్ షీట్‌లో చేసి చూపిస్తాను.