స్ప్రేయర్ మార్చి ఇచ్చారు సరే, దాని వారంటీ ఎప్పటి నుంచి?



పైన వీడియోలో నా భుజాన ఉన్న బ్యాటరీ స్ప్రేయర్ చూశారు కదా. నిజానికి అది నేను కొన్నది కాదు. కొన్నది పాడైతే దాని బదులు షాపు వాళ్ళు ఇచ్చిన పీసు. దాన్ని ఎలా కడగాలి, నాజిల్ ఎలా విప్పాలి అన్నది వీడియోలో చూపించాను. ఆ బదులు పీసుతో నేను పడిన తిప్పలు చెప్పడానికి అందులో టైం సరిపోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

2023 జూన్ 14న కొన్నాను. 16 లీటర్ల ట్యాంకు, 12 వోల్టుల బ్యాటరీ, ధర 3,200 రూపాయలు. కార్డు మీద మోటారుకి సంవత్సరం, బ్యాటరీకి ఆరు నెలలు అని ఉంది. అక్టోబరు వచ్చేసరికి ప్రెషర్ పడిపోయింది. షాపుకి తీసుకెళ్తే ఓనరు మొదట అన్న మాట, "జీవామృతం పోశావా తమ్ముడూ? పేడ నీళ్ళు పోస్తే వారంటీ ఎలా వస్తుంది?"

ఈ మాట మనలో చాలామంది విని ఉంటారు. విని, తప్పు మనదే కాబోలనుకుని డబ్బులిచ్చి బాగు చేయించుకుని వచ్చేస్తారు. నేను అక్కడే నాజిల్, ఫిల్టరు విప్పి కౌంటరు మీద పెట్టాను. రెండూ శుభ్రంగా ఉన్నాయి. ట్యాంకులో మంచినీళ్ళు పోయించి స్విచ్ వేయమన్నాను. మోటారు తిరుగుతోంది గానీ పంపు నీళ్ళు లాగడం లేదు. ఇక ఆయన వాదించలేదు. 18 రోజుల తర్వాత, నవంబరు 4న, కొత్త పీసు చేతికిచ్చి టీ కూడా తాగించి పంపాడు. నేను సంతోషంగా ఇంటికొచ్చాను. కొత్త పీసుకి కాగితం అడగాలన్న ఆలోచనే రాలేదు. పాత బిల్లు ఉంది కదా అనుకున్నాను.

మరుసటి ఏడాది మే నెలలో ఆ రెండోది కూడా మొరాయించడం మొదలుపెట్టింది. కాసేపు తిరిగి ఆగిపోయేది, పది నిమిషాలు ఆగితే మళ్ళీ తిరిగేది. జూలై రెండో వారంలో పూర్తిగా ఆగిపోయింది. అప్పుడే వంగలో కొమ్మ తొలిచే పురుగు కనిపించింది. అగ్నిఅస్త్రం కాచి పెట్టుకుని కూర్చున్నాను, కొట్టడానికి మిషన్ లేదు. పక్క రైతు దగ్గర అద్దెకు తెచ్చుకుని నడిపించాను. షాపులో అడిగితే, "బిల్లు జూన్‌ది కదా, సంవత్సరం దాటిపోయింది" అన్నారు. సర్వీస్ సెంటరుకి వెళ్తే అంతకంటే పెద్ద మాట. "మీ బిల్లు మీద ఉన్న సీరియల్ నంబరు ఇది కాదండి. ఈ పీసు మీరు కొన్నట్టు మా రికార్డులో లేదు" అన్నారు.

చూడండి, మిషన్ కొత్తది, కాగితం పాతది. బదులు పీసు తీసుకున్న ప్రతి రైతూ ఇలాగే ఇరుక్కోవచ్చు.

ముందు వారంటీ లెక్క. బదులు ఇచ్చిన వస్తువుకి వారంటీ మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుందని మన దేశంలో చట్టం చెప్పలేదు. మొదలవకూడదనీ చెప్పలేదు. కార్డు మీద ఏం రాసి ఉంటే అదే ముందుగా చూస్తారు. చాలా కార్డుల మీద సన్న అక్షరాల్లో ఒక ఇంగ్లీషు వాక్యం ఉంటుంది. దాని అర్థం, మార్చి ఇచ్చిన వస్తువుకి మొదటి కొనుగోలు తేదీ నుంచి లెక్కేసి మిగిలిన కాలమే వారంటీ అని. నా కార్డు మీదా అదే ఉంది. అంటే పదకొండో నెలలో మార్చి ఇస్తే ఆ కొత్త పీసుకి మిగిలేది ఒక్క నెల. ఇది నాకు న్యాయంగా అనిపించదు. కానీ ఉన్నది ఉన్నట్టు తెలుసుకోవాలి కదా. గ్యారంటీ అంటే మార్చి ఇస్తారు, వారంటీ అంటే బాగు చేస్తారు అని మన ఊళ్ళలో అనుకుంటాం. ఆ మాటలు నమ్ముకోవద్దు, లోపల ఏం రాశారో చదివించుకోండి.

అయితే కార్డు గడువు అయిపోగానే మన హక్కు కూడా అయిపోయినట్టు కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. వస్తువులో లోపం రుజువైతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఆ లోపం సరిచేయమని చెప్పొచ్చు, లేదా మార్చి ఇవ్వమనొచ్చు, లేదా డబ్బు వడ్డీతో వాపసు ఇప్పించొచ్చు. నష్టపరిహారం కూడా ఇప్పించొచ్చు. మార్చి ఇచ్చే వస్తువు ఎలా ఉండాలో కూడా 39వ సెక్షన్‌లో ఉంది. అదే రకానిది, కొత్తది, ఏ లోపమూ లేనిది అయి ఉండాలి. అంటే బదులు పీసు కూడా లోపంతోనే వస్తే మూడోది తీసుకుని మళ్ళీ తిరగాల్సిన పని లేదు, డబ్బు వెనక్కి ఇప్పించమని అడగొచ్చు. ఫిర్యాదుకి గడువు, సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్ళు. కార్డు మీది గడువుతో దీన్ని కలిపి చూడకండి. కాకపోతే ఒక మాట. వారంటీ అయ్యాక పాడైతే, అది వాడకం వల్ల వచ్చిన అరుగుదల కాదు, ముందు నుంచీ ఉన్న లోపమే అని చూపించడం కష్టం. అందుకే మొదటి లక్షణం కనిపించిన రోజే రాతపూర్వకంగా చెప్పడం ముఖ్యం.

నన్ను కాపాడింది కూడా అదే, అదీ అనుకోకుండా. మే 28న మోటారు ఆగిపోతోందని షాపు ఆయనకి వాట్సాప్‌లో వాయిస్ పెట్టాను. "వానలు పడ్డాక తీసుకురా తమ్ముడూ, ఇప్పుడు కంపెనీ మనిషి రావట్లేదు" అని ఆయన జవాబు కూడా ఉంది. సంవత్సరం నిండకముందే చెప్పానన్నమాట. సీరియల్ నంబరు సంగతి ఇంకా విచిత్రం. నవంబరులో షాపు కుర్రాడు "అన్నా, మీ కొత్త పీసు వచ్చింది" అని ఫొటో పంపాడు. పెద్దది చేసి చూస్తే ట్యాంకు కింద స్టిక్కరు, నంబరు కనిపిస్తున్నాయి. నేను ఫోన్‌లో మెసేజ్‌లు తుడిచే మనిషిని అయ్యుంటే రెండూ పోయేవి.

ఈ రెండూ పట్టుకుని 1915కి ఫోన్ చేశాను. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఖర్చేమీ లేదు, తెలుగులోనే మాట్లాడాను. వాళ్ళు ఫిర్యాదు నమోదు చేసి కంపెనీకి పంపుతారు. ఆర్డరు వేసే అధికారం వాళ్ళకి లేదు, అది కమిషన్‌కే. అయినా మూడు వారాలకి కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, మోటారు ఉచితంగా మార్చారు. బ్యాటరీ గడువు నిజంగానే దాటింది కాబట్టి అది నా డబ్బుతోనే వేయించుకున్నాను. దాని మీద నేను గొడవ పడలేదు.

ఒకవేళ అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్‌కి వెళ్ళొచ్చు. ఇదేదో పెద్ద కోర్టు వ్యవహారం అనుకుని భయపడొద్దు. మనం చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు లేదు, 50 లక్షల వరకు జిల్లాలోనే విచారిస్తారు. లాయరు తప్పనిసరి కాదు. షాపు ఏ ఊళ్ళో ఉన్నా, కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా మనం ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. 2019 చట్టంలో మనకు బాగా పనికొచ్చేది ఇదే అని నా అభిప్రాయం. ఈ-జాగృతి అనే పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా వేసుకోవచ్చు.

"రైతు పంట అమ్ముకుంటాడు కాబట్టి అది వ్యాపారం, నువ్వు వినియోగదారుడివి కాదు" అని కొందరు అడ్డం మాట్లాడతారు. దీనికి మన తెలుగు రైతుల కేసే జవాబు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్, మధుసూదన్ రెడ్డి కేసులో 2012లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు నాసి విత్తనాల మీద వేసిన ఫిర్యాదులు అవి. రైతులు వినియోగదారులే అని కోర్టు చెప్పింది. పరీక్ష కోసం ముందే కొంత విత్తనం దాచిపెట్టుకోవాలని రైతు నుంచి ఆశించలేమని కూడా చెప్పింది. సొంత జీవనోపాధి కోసం, స్వయం ఉపాధిగా వాడుకునే వస్తువు వ్యాపార అవసరం కిందకి రాదని చట్టంలోనే వివరణ ఉంది. నా చెక్క గానుగ సంగతి వేరు. దాని మీద ఇద్దరు పనివాళ్ళు ఉన్నారు, బిల్లు సంస్థ పేరు మీద ఉంది. రేపు ఏదైనా అయితే కంపెనీ ఈ వాదన తప్పకుండా తెస్తుంది. మీరు చిన్న యంత్రాలు కొనేటప్పుడు బిల్లు మీ సొంత పేరు మీదే తీసుకోండి.

ఇక పేడ నీళ్ళ మాట. నాజిల్, ఫిల్టరు మూసుకుపోతే వారంటీలోకి రాదని చాలా కార్డుల మీద ఉంటుంది, అది న్యాయమే. జీవామృతంలో బెల్లం, పప్పు పిండి ఉంటాయి, వడకట్టకుండా పోస్తే ఏ మిషనైనా మూసుకుపోతుంది. రెండు మడతల గుడ్డలో వడకట్టాలి, పని కాగానే మంచినీళ్ళతో ఐదు నిమిషాలు నడపాలి. కానీ అలా చేశాక కూడా పంపు పాడైతే జీవామృతం పేరు చెప్పి తప్పించుకోనివ్వకండి. 1930 వస్తు విక్రయ చట్టంలో ఒక నియమం ఉంది. దేనికోసం కొంటున్నామో అమ్మేవాడికి ముందే చెప్పి, ఆయన మాట మీద నమ్మకంతో కొంటే, ఆ పనికి వస్తువు పనికొచ్చి తీరాలి. ఫలానా కంపెనీదే కావాలని మనమే పేరు చెప్పి కొంటే మాత్రం ఈ వాదన నిలవదు. కాబట్టి షాపులో "జీవామృతం, కషాయాలు కొట్టడానికి ఏది బాగుంటుంది?" అని అడగండి. ఆ మాట వాట్సాప్‌లో అడిగితే ఇంకా మంచిది.

బిల్లు కింద "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చు వేస్తారు. లోపం ఉన్న సరుకుకి ఆ మాట చెల్లదు. లోపమున్న వస్తువుని బిల్లు మీద రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని చట్టంలో ఉంది. అసలు బిల్లే ఇవ్వకపోవడం కూడా అంతే. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళకి 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఉన్నాయి, లోపమున్న వస్తువు వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు.

బదులు పీసు తీసుకునే రోజు షాపు లెటర్‌హెడ్ మీదో, పాత బిల్లు వెనకాలో ఈ రెండు ముక్కలు రాయించి సంతకం, ముద్ర వేయించుకోండి: "ఫలానా తేదీ, ఫలానా నంబరు బిల్లు మీద ఇచ్చిన ఫలానా సీరియల్ నంబరు స్ప్రేయర్‌లో పంపు పనిచేయనందున, దాని బదులు ఫలానా సీరియల్ నంబరు కొత్త పీసు ఈ రోజు ఇచ్చాము. దీనికి వారంటీ ఫలానా తేదీ వరకు." చివరి తేదీ ఎంత పెడతారన్నది మన బేరం. ఆ రోజు షాపు ఆయన కూడా గొడవ తీరిందన్న సంతోషంలో ఉంటాడు, అడిగితే మూడు నెలలు ఎక్కువ రాసినా రాస్తాడు. తర్వాత వెళ్ళి అడిగితే రాయడు. పాత పీసు అప్పగించే ముందు దాని స్టిక్కరు ఫొటో కూడా తీసుకోండి.

ఇదంతా అయ్యాక నా పద్ధతి కూడా మార్చుకున్నాను. నా దగ్గర నూనె కొన్నవాళ్ళు సీసా కారుతోందని తెస్తే మార్చి ఇచ్చి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు కొత్త సీసా బ్యాచ్ నంబరు, తేదీ వాళ్ళ బిల్లు మీద రాసి ఇస్తున్నాను. ఒకావిడ, "ఇంత చిన్నదానికి ఇదంతా ఎందుకు బాబూ" అని నవ్వింది కూడా.

స్ప్రేయర్ ఇప్పటికీ నడుస్తోంది. బ్యాటరీని సీజన్ లేనప్పుడు కూడా నెలకోసారి చార్జింగ్ పెడుతున్నాను, పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని నెలల తరబడి అలా వదిలేస్తే తిరిగి ఎక్కదు. అది ఎలా చెక్ చేయాలో వీడియో చివర్లో చూపించాను.