రొమ్ము గడ్డ: పరీక్ష కాగితము ఏమి చెబుతుంది?

భద్రాచలం అవతల అడవి గ్రామాలలోనేమి, ఖమ్మం పట్టణంలోనేమి, రొమ్ములో గడ్డ కనబడిన అక్కచెల్లెళ్లు అనేకులు "నొప్పి లేదు గదా" అని ఊరకుంటారు. కాని క్యాన్సరు గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు. మరికొందరు "సూది పొడిస్తే జబ్బు పాకుతుంది" అని భయపడతారు. ఆ భయము అవసరము లేదు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించనిదే సరియైన చికిత్స నిర్ణయించలేరు.

భద్రాచలం నుండి హైదరాబాదు 300 కిలోమీటర్లకు పైమాటే. అంత దూరము వెళ్లి తెచ్చుకొన్న కాగితములో ఏమున్నదో ఇంటివారికి తెలియవద్దా? అందుకే ముఖ్యమైన మాటలు ఇక్కడ వివరిస్తున్నాము.

"ఇన్ సిటు" అని ఉంటే, జబ్బు పాలనాళములోనే ఉన్నదని అర్థము. చికిత్స చేయించుకొన్నవారిలో దాదాపు అందరూ బ్రదుకుతారు. "ఇన్వేసివ్ డక్టల్" అంటే నాళము దాటినది. నూటికి 70 నుండి 80 మందికి వచ్చేది ఇదే. "లోబ్యులార్" నూటికి పదిమందికి రావచ్చును. ఇది గడ్డగా తగలక, రొమ్ము గట్టిపడినట్లు మాత్రమే ఉండవచ్చును. "మ్యూసినస్", "ట్యూబులార్" రకములు అరుదు, నెమ్మదిగా పెరుగుతాయి, ఫలితము బాగుంటుంది. "మెటాప్లాస్టిక్" అరుదే గాని మొండిది.

రకము పేరు ఒక్కటే చాలదు. గ్రేడు 1 అంటే నెమ్మది, 3 అంటే వేగము. ఇ.ఆర్. పాజిటివ్ అయితే హార్మోను మాత్రలు సంవత్సరాల తరబడి వాడాలి. హెర్-2 పాజిటివ్ అయితే దానికి ప్రత్యేకమైన మందు 1998 నుండి ఉన్నది. మూడూ నెగటివ్ అయితే జబ్బు తీవ్రమే, అయినను తొలిదశలో నయము చేయవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది దశ. మంచి రకమని పేరున్న గడ్డయినను, ఎముకలకు, ఊపిరితిత్తులకు పాకిన తరువాత పూర్తిగా నయము చేయుట కష్టము.

రొమ్ము ఎర్రబడి, వాచి, చర్మము నారింజ తొక్కవలె మారితే సెగగడ్డ అనుకొని పసర్లు కట్టుకుంటూ కూర్చోవద్దు. మందులు వాడినా తగ్గకపోతే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. హైదరాబాదులో 1955లో ఏర్పడిన ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ క్రింద చికిత్స విషయము అక్కడ విచారించండి. పరీక్ష కాగితములన్నీ ఒక సంచిలో భద్రము చేసుకోండి.

సోదరులారా, మీకొక మనవి. పత్తి ఏరుడు అయ్యాక, మిర్చి అమ్మాక చూద్దామనవద్దు. పంట మరుసటేడు మళ్లీ వస్తుంది. ఇంటి ఇల్లాలిని ఈ వారమే తీసుకొని వెళ్లండి.