చౌడునేలను కడుగుటకు ముందు జిప్సం వేయవలసిన కారణము

చల్కనేలపై పారివచ్చిన తొలకరి వాననీటిని కుండలో పట్టియుంచినచో ఇసుక వెంటనే యడుగంటును. ఒండ్రు కొన్ని గంటలలో దిగును. నీటి యెఱుపు మాత్రము దినములు గడచినను పూర్తిగా పోదు. ఇట్లు నిలుచునదే జిగటమన్ను. కాప్రా, నాచారము చెరువుల క్రింద తరిసాగు జరిగిన దినములలో ఇట్టి నీటిని ఇండుపగింజ నరగదీసి కలిపియో, పటికముక్కను త్రిప్పియో తేర్చుకొనుట తెలుగు ఇండ్లలో వాడుక. నీరు తేరుటకును చౌడునేల బాగుపడుటకును మూలసూత్ర మొక్కటియే.

జిగటమన్ను రేణువు మిల్లీమీటరులో 500వ వంతుకంటె చిన్నదై, పలుచని రేకువలె నుండును. కరగక, అడుగంటక నీటిలో నిలుచు నిట్టి పదార్థములకు థామసు గ్రేహాము అను రసాయన శాస్త్రజ్ఞుడు 1861లో కొల్లాయిడు లని పేరిడెను. గ్రీకుభాషలో జిగురును తెలుపు పదమే దీనికి మూలము. తెలుగు శాస్త్రగ్రంథములలో దీనిని కాంజికాభ మందురు; అనగా గంజివంటిది. రేగడిలోని జిగటమన్ను ఒక్క గ్రాము రేకులన్నిటిని విడదీసి పరచినచో సుమారు ఏడు గుంటల నేలను కప్పును. ఇంత వైశాల్య ముండుటచేతనే నీటిని, ఎరువును పట్టియుంచు శక్తి ఆ మన్నునకు కలిగినది.

ఈ రేకులపై ఋణవిద్యుత్తు కలదు. ఒకే జాతి విద్యుత్తు గల వస్తువులు ఒకదాని నొకటి త్రోయును గనుక రేకులు దగ్గరకు చేరజాలవు. సోడియము రేకులను వదులుగా నంటియుండి వానిని ఎడముగానే యుంచును. కాల్షియము గట్టిగా నంటి, రేకులను చేరదీసి గుళికలు కట్టించును. పటికలోని అల్యూమినియము ఇంకను బలమైనది. చిన్నముక్కతోనే కుండెడు నీరు తేరుట కిదియే కారణము.

కాప్రా, ఉప్పలు గ్రామముల పొలములలో విశేషభాగము నేడు ఇండ్లస్థలములైనవి. కాని తూర్పున ఘటకేసర, కీసర వైపున మెరకలందు చల్కయు, పల్లములందు రేగడియు, అక్కడక్కడ చౌడును నేటికిని కానవచ్చును. పైకి తెల్లగా ఉప్పుపొంగునది పాలచౌడు. సోడియము జిగటమన్నును పట్టియుండునది కారుచౌడు. ఈ రెండు దోషములును ఒకేచోట కూడియున్న నేలయందే రైతు మోసపోవును. ఉప్పు లున్నంతవరకు మన్ను గుళికలుగానే యుండి నీ రింకును. రైతు మంచినీటితో కడిగినంతనే ఉప్పు కొట్టుకొనిపోయి, సోడియము మన్నును విడువక నిలుచును. రేకులు విడివడి నేలలోని సన్నదారులను పూడ్చివేయును. పిమ్మట నీరు రోజుల తరబడి నిలిచి, ఎండినపుడు పైపొర పెంకువలె గట్టిపడును. మొలక పైకి రాదు. విత్తనమును దూరి ప్రయోజనము లేదు.

కావున కడుగుటకు ముందే జిప్సం వేయవలెను. అది లీటరు నీటిలో రెండు గ్రాములకు కొంచె మెక్కువగా మాత్రమే కరగును గనుక, మెత్తగా పొడిచేసి పైనాలుగంగుళముల మంటిలో కలియదున్ని, మడిలో నీరు నిలిపి, తరువాత మురుగుకాలువగుండ విడువవలెను. మురుగు పోవు దారి లేనిచోట ఈ ఖర్చు వ్యర్థము. సున్నపురాయి పొడి చవుకగా దొరకినను కారుచౌడులో కరుగదు గనుక పనికిరాదు. కడిగిన పిదప జీలుగ చల్లి, పూతకు ముందు కలియదున్నుట మంచిది. వేయవలసిన జిప్సం తూకమును భూసార పరీక్షాశాలవారే చెప్పవలెను.

రైతు స్వయముగా చేయదగిన పరీక్ష యొకటి కలదు. శనగగింజంత యెండిన మట్టిగుళికను గాజుగ్లాసులోని వాననీటిలో మెల్లగా విడిచి కదలింపక యుంచవలెను. బోరునీటిలోని లవణములు ఫలితమును మరుగుపరచును గనుక అది కూడదు. రెండు గంటల పిదప నొకసారి, మరునా డొకసారి చూడవలెను. గుళికచుట్టు పాలవంటి మబ్బు క్రమ్మినచో సోడియ మధికమని యెఱుగవలెను. మబ్బు కానరానిచో ఆ నీటిని వంచి, క్రొత్త వాననీరు పోసి మరల చూడవలెను. ఉప్పు కడిగివేయబడిన పిదపనే మబ్బు పుట్టు నేలలును గలవు.

చెరువుమన్ను తోలుకొనువారికిని ఈ పరీక్ష యుపయోగపడును. తెలంగాణలో 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పనులలో తీసిన పూడికను రైతులు పొలములకు తోలుకొనిరి. జిగటమన్ను తక్కువగా నుండు చల్కకు పూడికమన్ను మేలు చేయును. పట్టణపు మురుగు చేరు చెరువులలో మాత్రము సబ్బునీటి సోడియమును, కర్మాగారముల విషలోహములును ఉండవచ్చును. సోడియము గ్లాసులో తెలియును గాని లోహములు తెలియవు గనుక, అట్టి మన్నును ప్రయోగశాలకు పంపక బండి కట్టరాదు.